గ్లాస్గో శాలువా

శాన్ రామన్
సెప్టెంబర్ 29, 2024

ఛాయకి,

అన్నయ్య దీవెనలు. బావగారి మోకాలు తగ్గిందా? మీ అమ్మాయి అనుష్క చేతికి కారిచ్చారని విన్నాను. అల్ఫారెట్టా రోడ్ల మీద తిరిగేవాళ్ళని ఆ దేవుడే కాపాడాలి.

ఫోన్ చేసి చెప్పొచ్చు. కానీ ఫోన్లో నువ్వు నన్ను ఒక్క వాక్యం పూర్తి చెయ్యనివ్వవు. మెయిల్ అయితే చచ్చినట్టు చివరిదాకా చదవాలి కదా. సంగతేమిటంటే, ఈసారి దీపావళి తర్వాత విదియకి మీ ఇంటికి రాలేను. అక్టోబర్ ఆఖర్లో గ్లాస్గో వెళ్తున్నాను. స్కాట్లండ్‌లో పెద్ద ఊరు. మంచి మ్యూజియంలు, పాత చర్చీలు, షాపింగ్‌కి పెద్ద పెద్ద బజార్లూ ఉన్నాయట. లీవులు మురిగిపోతున్నాయని మా మేనేజర్ కూడా పోరుతున్నాడు. రెండు వారాలు చూసొస్తాను.

నీకేమన్నా కావాలంటే రాయి. అక్కడ ఊలు బట్టలు బావుంటాయట.

నీ చేతి భోజనం ఈ ఏటికి బాకీ పెట్టుకో. వచ్చే ఏడు రెండు పూటలా తింటాను.

నీ అన్నయ్య
వీరభద్రరావు

*

అల్ఫారెట్టా
సెప్టెంబర్ 30

అన్నయ్యా,

చివరిదాకానే చదివాను. మొదటిసారి అర్థంకాక, రెండోసారి నమ్మకం కలక్క.

బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడక్కూడదని అమ్మ నేర్పింది. కాబట్టి ఎక్కడికని అడగను. ఎందుకని అడుగుతున్నాను. మీ కాలిఫోర్నియాలోనే, మీ ఇంటికి మూడు నాలుగు గంటల దూరంలో యోసెమిటీ ఉంది. లక్ష్మి వదిన బతికున్నంత కాలం తీసుకెళ్ళమని అడిగింది. "కొండలేగా, ఫోటోల్లో చూడు" అన్నావు. షాపింగ్ అంటే కార్లోంచి దిగని మనిషివి. అలాంటివాడికి ఇప్పుడు మ్యూజియంలూ బజార్లూ కావాల్సొచ్చాయా? పోనీ లండన్ అన్నా నమ్మేదాన్ని. గ్లాస్గో ఏమిటి? మన వాళ్ళలో గ్లాస్గో చూట్టానికి వెళ్ళినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు.

నిజం చెప్పు. ఒంట్లో ఏమన్నా తేడా చేసిందా? అక్కడెవరైనా పెద్ద డాక్టరున్నాడా? లేకపోతే ఉద్యోగం ఊడిందా? లీవులు మురిగిపోతున్నాయని మేనేజర్ పోరడం నేనీ దేశంలో ఎక్కడా వినలేదు. మీ బావగారైతే "పెద్దాయన, ఎక్కడికో వెళ్తానంటే వెళ్ళనీ" అంటున్నారు. ఆయనకేం, ఆయనకి అక్కచెల్లెళ్ళు లేరు.

భగినీ హస్త భోజనం బాకీ పెట్టుకునేది కాదన్నయ్యా. ఆ రోజు చెల్లెలి చేతి అన్నం తింటే అన్నకి ఆయుష్షు. నువ్వు నమ్మవు, నేను నమ్ముతాను. వదిన పోయిన ఏడాది కూడా నువ్వు మానలేదు. నాకు చీర పెట్టే చెయ్యి లేకపోయినా, నువ్వొచ్చి కంచం ముందు కూర్చుని, జేబులోంచి గిఫ్ట్ కార్డు తీసి బల్లమీద పెట్టావు. అది చూసి వంటింట్లోకెళ్ళి ఏడ్చుకున్నాను గానీ, అయినా వచ్చావు కదా అనుకున్నాను. అమ్మానాన్నా పోయారు, వదిన పోయింది. ఇప్పుడు నాకు పుట్టిల్లంటే నువ్వొక్కడివే. అది గుర్తుపెట్టుకుని జవాబు రాయి.

నాకు ఊలు బట్టలేం అక్కర్లేదు. ఇది జార్జియా.

ఛాయ

*

శాన్ రామన్
అక్టోబర్ 5

ఛాయా,

నా షుగర్ నీ షుగర్ కంటే బావుంది. ఉద్యోగం భేషుగ్గా ఉంది. మనిషన్నాక మారకూడదా? యోసెమిటీకి తీసుకెళ్ళలేదన్న బాధ నాకూ ఉంది. ఇప్పుడైనా నాలుగు ఊళ్ళు చూద్దామనిపించింది. ఇందులో దాచడానికేం లేదు. ఎవరూ లేరు, ఏమీ లేదు.

బావగారన్నమాట బావుంది. ఆయన్నడిగానని చెప్పు.

వీరభద్రరావు

*

అల్ఫారెట్టా
అక్టోబర్ 14

అన్నయ్యా,

దసరా బాగా జరిగింది. బొమ్మల కొలువుకి అందరూ వచ్చారు. నువ్వు ఫోన్ చేస్తావని చూశాను. చెయ్యలేదు.

నీ మెయిల్లో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "ఎవరూ లేరు" అన్నావు. ఎవరున్నారని నేనడిగానా? డాక్టరు సంగతీ ఉద్యోగం సంగతీ అడిగాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది.

నిన్న ధనమ్మగారికి ఫోన్ చేశాను. అదే, మీ సందు చివర ఇల్లు, ఏటా గోంగూర పచ్చడి పంపేవారు. నీ మీద నిఘా పెట్టానని అనుకోకు, పండగ పలకరింపు. ఆవిడే చెప్పింది. ఇండియన్ స్టోర్‌లో నిన్ను చూసిందట. బెండకాయలు ఒక్కొక్కటీ కొస విరిచి, లేతవి ఏరి సంచీలో వేసుకుంటున్నావట. అన్నయ్యా! పెళ్ళయిన దగ్గర్నుంచీ వదిన నీతో మొత్తుకున్నది ఆ ఒక్క విషయమే. నువ్వు తెచ్చిన బెండకాయలతో గోడకి మేకులు కొట్టొచ్చనేది. అన్నేళ్ళు చెప్పినా రాని విద్య ఇప్పుడెవరు నేర్పారు? పైగా జుట్టుకి రంగు వేశావట. పొద్దున్నే ట్రయిల్ మీద వాకింగ్ కూడానట.

కౌశిక్‌కి ఫోన్ చేస్తే, "నాన్న బానే ఉన్నారత్తా, హి ఈజ్ హ్యాపీ" అని గబగబా పెట్టేశాడు. నీ కొడుకు అబద్ధం ఆడలేడు, అందుకే తొందరగా పెట్టేస్తాడు. హ్యాపీ ఏమిటి? ఎందుకు హ్యాపీ?

ఇక్కడ మా టెంపుల్లో ఒకాయన ఇలాగే ఎవరో ఆన్‌లైన్లో పరిచయమైందని, విదేశాలకి రమ్మందని వెళ్ళాడు. ఎయిర్‌పోర్టులో ఎవరూ లేరు. అక్కడున్నది మీసాలున్న మగాడట. నీకలాంటిదేమన్నా వల పడిందా? ఆధార్‌లూ సోషల్ నంబర్లూ ఎవరికీ ఇవ్వకు.

ఒకవేళ నిజంగానే మనిషి అయితే, నా మాట నీకు తెలుసు. వదిన వంటింట్లో ఇంకో ఆడది గరిట పట్టుకుంటే నేనా గడప తొక్కను. వదిన పోయిన కొత్తలో అన్నాను, ఇవాళా అంటున్నాను. నాకు కోపం కాదన్నయ్యా, భయం. కొత్తగా వచ్చిన మనిషికి నేనేమవుతాను? ఫోన్ ఎత్తి, ఆయన స్నానం చేస్తున్నారండీ అంటుంది. అంతే, నా పుట్టింటి కథ అక్కడితో సరి.

నీ చెల్లెలు (ఉన్నానని గుర్తుంటే)
ఛాయ

*

గ్లాస్గో
అక్టోబర్ 26

ఛాయా,

క్షేమంగా చేరాను. ఎయిర్‌పోర్టులో మీసాలవాడెవడూ ఎదురురాలేదు.

ఇది మంచి ఊరే. కాకపోతే ఆకాశానికి చిల్లు పడింది, పూడ్చేవాడు లేడు. ఇక్కడివాళ్ళు దాన్ని వాన అనరు, పట్టించుకోరు. ఊరి నడిబొడ్డున గుర్రం మీద ఒక డ్యూకుగారి విగ్రహం ఉంది. ఆయన నెత్తిమీద రోడ్డు పనులకి అడ్డం పెట్టే ప్లాస్టిక్ శంకువు బోర్లించారు. తీసేస్తే మళ్ళీ ఎవడో ఎక్కి పెడతాడట. చివరికి అదే ఊరికి గుర్తయి కూర్చుంది. అంత పెద్ద వీరుడికి అంత మర్యాద. చూసి చాలాసేపు నవ్వుకున్నాం.

పాత చర్చి చూశాను. రాళ్ళు నల్లగా, లోపల చల్లగా, మన పాత శివాలయం గర్భగుడిలో నిలబడ్డట్టే ఉంది. దాని వెనక గుట్ట నిండా పెద్దపెద్ద సమాధులు. ఊరికి అదే పెద్ద చూడదగ్గ చోటంటే నమ్ముతావా? పైకెక్కితే ఊరంతా కనిపిస్తుంది. అక్కడ గాలికి గొడుగు తిరగబడింది. అసలే ఒక గొడుగు ఇద్దరికీ చాల్లేదు, పూర్తిగా తడిశాం. భూమిలోపల ఒక బుల్లి రైలుంది, గుండ్రంగా తిరుగుతుంది. నిద్రపోయినా నష్టం లేదు, ఎక్కినచోటికే తెస్తుంది.

విగ్రహం దగ్గర ఫోటో పంపుతున్నాను.

వీరభద్రరావు

*

అల్ఫారెట్టా
అక్టోబర్ 27

అన్నయ్యా,

"నవ్వుకున్నాం." "ఇద్దరికీ." "తడిశాం."

ఎవరూ లేరని కదా చెప్పావు? మర్యాదకి బహువచనం వాడుకుంటున్నావా?

ఫోటో చూశాను. అనుష్కకి చూపించాను. దానికి తెలుగు చదవడం రాదు గానీ, ఫోటో పెద్దది చేసి చూడ్డంలో పోలీసే. "అమ్మా, మామయ్య రెండు చేతులు కనపడ్తున్నయ్. ఇది సెల్ఫీ కాదు" అంది. ఒక చేతిలో కాఫీ, ఇంకో చేతిలో మడిచిన గొడుగు. అయితే తీసిందెవరు? దారినపోయేవాడంటావు. సరే. దారినపోయేవాడు నీ మఫ్లర్ ముడి వేసి మరీ తీశాడా? నీకు మఫ్లర్ కట్టుకోవడం రాదు. రెండు కొసలూ వేలాడేసి తిరుగుతావు. ఇందులో మెడ చుట్టూ తిప్పి, ముడి పక్కకి సర్ది ఉంది. అది ఆడవాళ్ళు వేసిన ముడి. నాకు తెలీదా?

పైగా నవ్వుతున్నావు. వదిన పోయాక నువ్వు ఫోటోలో పళ్ళు కనపడేలా నవ్వడం ఇదే మొదటిసారి. సంతోషించాలో భయపడాలో తెలియక ఫోన్ బోర్లా పెట్టేశాను.

ఎవరు తీశారు ఫోటో?

ఛాయ

*

గ్లాస్గో
అక్టోబర్ 30

ఛాయా,

నువ్వు సాఫ్ట్‌వేర్‌లో చేరాల్సింది. టెస్టింగ్‌లో మంచి పేరొచ్చేది.

ఫోటో తీసింది దేదీప్య. ఇక్కడ యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తోంది. తెలుగమ్మాయి. ఊరంతా ఆ అమ్మాయే చూపిస్తోంది. చాలా తెలివైన పిల్ల. తమాషాగా, నాకంటే ఎక్కువ ప్రశ్నలు అడుగుతుంది. నిన్న మ్యూజియంకి తీసుకెళ్ళింది. హాల్లో నిజం ఏనుగు, అంటే ఒకప్పుడు నిజంగా బతికిన ఏనుగు, దాని నెత్తిమీద పైకప్పుకి వేలాడుతూ యుద్ధవిమానం. రెండింటికీ సంబంధమేమిటో ఎవరికీ తెలీదు. మధ్యాహ్నం ఒకాయన పెద్ద ఆర్గన్ వాయించాడు. కుర్చీలోంచి వెన్నులోకి పాకుతుంది ఆ శబ్దం. టిక్కెట్టు కూడా లేదు.

సాయంత్రం షాపింగ్. కార్లు రాని పెద్ద వీధి ఒకటుంది. ఒక మూల గొట్టాల సన్నాయి, ఇంకో మూల ఎవరో కుర్రకారు గిటారు. దాని పక్కన గాజు కప్పు వేసిన సందు, రెండు వైపులా నగల దుకాణాలే. నేను నగల షాపులో నిలబడి విసుక్కోకపోవడం లక్ష్మి చూస్తే మూర్ఛపోయేది. నీకొక శాలువా తీసుకున్నాం. ఊదారంగు, పల్చగా, ఉంగరంలోంచి దూరేటట్టుంటుంది. జార్జియా అని వంకలు పెట్టకు. మీ ఇంట్లో ఏసీ నాకు తెలుసు.

విదియ రోజు నువ్వు గుర్తొస్తావు.

వీరభద్రరావు

*

అల్ఫారెట్టా
నవంబర్ 3, ఆదివారం

వీరభద్రరావు గారికి,

ఇవాళ విదియ. పొద్దున్నే తలంటుకుని వంట చేశాను. పులిహోర, నీకిష్టమని కందిపచ్చడి, గుత్తివంకాయ, సేమ్యా పాయసం. నీ కంచం నీ చోట్లో పెట్టాను. కంచం ఎదురుగా కూర్చుని, పిచ్చిదానిలా నీ ఫోటోకి నైవేద్యం పెట్టినట్టు వడ్డించాను. తర్వాత ఛీ, బతికున్నవాడికి ఇదేం పని అని గబగబా తీసేశాను. ఈ పాపం ఎవరిదో నువ్వే ఆలోచించుకో.

మాస్టర్స్ చదివే పిల్ల! మా అనుష్క కంటే నాలుగేళ్ళు పెద్దదేమో! అది నిన్ను ఊరు తిప్పుతుంది, మఫ్లర్ కడుతుంది, నగల సందుకి తీసుకెళ్తుంది! అమాయకుడా, దానికి కావాల్సింది నువ్వనుకుంటున్నావా? నీ అమెరికా పాస్‌పోర్టు! అరవై దాటాక బుద్ధి మంటగలిసిందా? కౌశిక్‌కి తెలిసే "హ్యాపీ" అన్నాడా? తెలిస్తే వాణ్ణీ చెప్పుచ్చుకు కొట్టాలి. ఈ సంగతి ధనమ్మగారి చెవిన పడిందంటే శాన్ రామన్ నుంచి న్యూజెర్సీలో పార్సిప్పనీ దాకా పాకుతుంది. నేను గుళ్ళో తలెత్తుకోలేను.

వదిన చివర్లో నా చెయ్యి పట్టుకుని, "మీ అన్నయ్యని ఒంటరిగా వదలకు" అంది. ఇందుకా?

శాలువా నాకొద్దు. ఆ పిల్లకే కప్పు.

ఛాయాదేవి

*

గ్లాస్గో
నవంబర్ 4

ఛాయా,

రామ రామ! ఆ పిల్ల నన్ను అంకుల్ అని పిలుస్తుంది. కూతురంత పిల్ల. నీ బుర్రలో ఇలాంటివెలా పుడతాయే? నీ మెయిల్ చదివి చెవులు మూసుకున్నాను.

శాలువా శుక్రవారమే పోస్ట్ చేశాం. వెనక్కి పంపకు, పంపేముందు ఒక్కసారి విప్పి చూడు. ఇంటికెళ్ళి అన్నీ రాస్తాను. నిన్న ఒక పూట ఉపవాసం ఉన్నాను. నీ చేతి అన్నం లేనప్పుడు ఇంకొకరి చేతిది తినబుద్ధి కాలేదు. అది మాత్రం నమ్ము.

అన్నయ్య

*

అల్ఫారెట్టా
నవంబర్ 14

అన్నయ్యా,

పార్సిల్ వచ్చింది. విప్పకుండా గరాజ్‌లో పడేశాను. రెండు రోజులు దాని పక్కనుంచే కారు తీశాను. ఇవాళ మీ బావగారు లేని వేళ చూసి విప్పాను.

శాలువా బావుంది. అది వేరే సంగతి.

మడత విప్పుతుంటే ఒక మూల అంచున చిన్న మరక కనపడింది. అంత ఖరీదైన బట్ట, మరకేమిటా అని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. పసుపు. వేలితో అద్దిన పసుపు బొట్టు.

కొత్తబట్టకి మూలన పసుపు పెట్టి ఇవ్వాలని నీకు తెలుసా? జన్మలో పెట్టావా? పెళ్ళిలో నీ పంచెకి నేనే పెట్టాను. ఇక మాస్టర్స్ చదివే పిల్ల? ఈ కాలప్పిల్లలు ట్యాగ్ కూడా తియ్యకుండా వేసుకుంటారు. కాబట్టి గ్లాస్గోలో, ఆ వానలో, హ్యాండ్‌బ్యాగ్‌లో పసుపు పెట్టుకు తిరిగే మనిషి ఒకావిడ ఉంది. మన ఈడుది. పద్ధతి తెలిసింది. నాకు పెడుతున్నానని తెలిసే పెట్టింది.

ఇంకోటి. శాలువా నాలుగు మడతలూ దులిపి చూశాను, కుంకుమ పొట్లం లేదు. పసుపు పెట్టే మనిషి ఆడపడుచుకి కుంకుమ మర్చిపోదు. మానేసిందంటే కారణముంది. ఆ కారణం ఇదేనేమోనని ఒకటి తోస్తోంది. తప్పయితే చెప్పు.

ఇక నా దగ్గర ఊహలు అయిపోయాయి. నువ్వు బెండకాయలు ఏరుతున్నది ఎవరి కోసం? ఎవరావిడ?

ఛాయ

*

శాన్ రామన్
నవంబర్ 16

ఛాయా,

ఆ పసుపు బొట్టు నేను చూడలేదు. చూసుంటే తుడిచేసేవాణ్ణేమో. ఎందుకంటే నీకు చెప్పే ధైర్యం లేకే కదా ఇన్నాళ్ళూ మ్యూజియంలు రాశాను.

ఆవిడ పేరు రాగిణి. ఇక్కడే, మా పక్క ఊరు డబ్లిన్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. ఫార్మసీలో పని. భర్త పోయి చాలా కాలమైంది. కుంకుమ లేకపోవడం చూసి నువ్వు అనుమానించింది నిజమే. దేదీప్య ఆవిడ కూతురు. ట్రయిల్ మీద పొద్దున్నే నడిచేటప్పుడు పరిచయం. మొదట్లో "నమస్కారమండీ" అనుకునేవాళ్ళం. ఒకసారి కూరగాయల షాపులో నా సంచీలోకి చూసి, "ఇవి వండుతారా, వంటచెరుకుగా వాడతారా?" అంది. అచ్చం లక్ష్మి అన్నట్టే ఉంది. లేత బెండకాయలు ఏరడం ఆవేళ ఆవిడే నేర్పింది. తప్పుగా అనుకోకు. లక్ష్మి స్థానంలో ఎవరూ రారు. కానీ ఛాయా, ఆదివారాలు భయంగా ఉంటోంది. ఇంట్లో నేను తీసిన తలుపే మళ్ళీ నేనే వేసుకోవాలి. నీకెప్పుడూ చెప్పలేదు, చెబితే నువ్వు ఫ్లయిట్ ఎక్కుతావని.

పెళ్ళి మాట నేనే ఎత్తాను. "మా అమ్మాయి సరేనంటే" అంది రాగిణి. అందుకే ఇద్దరం గ్లాస్గో వెళ్ళాం. ఊరు చూడటానికి నేను వెళ్ళలేదు, నన్ను చూపించుకోవడానికి వెళ్ళాను. ఈ వయసులో పెళ్ళిచూపులు, అదీ పిల్ల పెద్దమనిషిగా కూర్చుని! ఆ సమాధుల గుట్ట మీద వానలో నిలబెట్టి, "మా అమ్మ మీకు వంట చేసిపెట్టడానికా అంకుల్?" అని అడిగింది. ఏనుగు కింద నిలబెట్టి నా మందుల సంగతి అడిగింది. అన్నిటికీ చెప్పాను. మఫ్లర్ ముడి రాగిణి వేసిందే. నగల సందులో ఏమీ కొనలేదు. చూశాం, అంతే.

చివరి రోజు దేదీప్య ఇంకొకటి అడిగింది. "కౌశిక్‌కి తెలుసన్నారు. మీకు చెల్లెలుంది కదా, ఆవిడేమన్నారు?" ఇంకా చెప్పలేదన్నాను. ఆ పిల్ల మొహం మారిపోయింది. "సొంత చెల్లెలికే చెప్పకుండా దాచిన ఇంట్లోకి మా అమ్మని పంపించను అంకుల్. ఆవిడ సరే అంటేనే నేనూ సరే" అంది. రాగిణి కూడా అదే మాటంది. కాబట్టి ఇప్పుడిది నీ చేతిలో ఉంది. నీ మాట నేను మర్చిపోలేదు. నువ్వు గడప తొక్కనంటే నాకీ పెళ్ళి వద్దు. రాగిణికీ అదే చెప్పాను. ఏడవలేదు. "పుట్టిల్లు లేకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు, మీ చెల్లెలికి ఆ బాధ నావల్ల రాకూడదు" అంది.

కుంకుమ సంగతి. పోస్టాఫీసు కౌంటర్ దగ్గర డబ్బా మూసేముందు రాగిణి పొట్లం తీసేసి బ్యాగులో వేసుకుంది. నేనెందుకని అడిగాను. "పసుపంటే కొత్తబట్టకి ఎవరైనా పెడతారు. నా చేతి కుంకుమ ఆవిడ పుచ్చుకుంటారో లేదో" అంది.

అబద్ధాలాడినందుకు తిట్టు. ఫోన్ చేసి తిట్టినా ఎత్తుతాను.

అన్నయ్య

*

అల్ఫారెట్టా
నవంబర్ 18

అన్నయ్యా,

ఫోన్ చెయ్యను. చేస్తే ఏడుస్తాను, మీ బావగారు పక్కనే ఉన్నారు.

ముందు తిట్లు. పక్క ఊళ్ళో పెళ్ళికూతుర్ని పెట్టుకుని గ్లాస్గో దాకా తిప్పావు చూడు, నన్ను! బుల్లి రైలూ ఏనుగూ విమానమూ అంటూ కబుర్లు! ఒక్కమాట, "ఛాయా, నాకు భయంగా ఉంటోంది" అని రాసుంటే సరిపోయేది కదా. ఆ ఆదివారాల ముక్క చదివి మధ్యాహ్నం అన్నం సయించలేదు. మీ బావగారైతే చదివి, "నేను ముందే చెప్పాగా" అన్నారు. ఆయనేం చెప్పారో ఆయనకే తెలియదు.

దేదీప్యని నేనేమేమన్నానో నీకు తెలుసు. ఆ మెయిల్ తీసెయ్యి. ఎవరికీ చూపించకు, ముఖ్యంగా ఆ పిల్లకి. దాని పెంపకం మంచిది. నేనుండి ఉంటే ఇంకో రెండు ప్రశ్నలు ఎక్కువే అడిగేదాన్ని.

ఇక నా మాట. వదిన వంటింట్లో ఇంకొకరు గరిట పట్టుకుంటే గడప తొక్కనన్నాను. అన్నమాట అన్నదే, నేను కాదనను. రాత్రంతా దాన్ని పట్టుకునే కూర్చున్నాను. తెల్లారాక ఒక సంగతి గుర్తొచ్చింది. కొత్త పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ గడప దాటేముందు లోపల్నుంచి తలుపుకి అడ్డంగా నిలబడి, పేర్లు చెబితేగానీ రానివ్వనని ఆపేదెవరు? ఆడపడుచు. మీ పెళ్ళికి లక్ష్మి వదినని అలాగే ఆపాను. సిగ్గుతో చచ్చిపోతూ నీ పేరు చెప్పింది, వినపడలేదని మళ్ళీ చెప్పించాను. ఇప్పుడు నేను రాకపోతే మిమ్మల్నెవరాపుతారు? ధనమ్మగారా? మరి లోపల్నుంచి ఆపాలంటే మీకంటే ముందు నేనే గడప తొక్కి లోపలుండాలి కదా. తప్పేదేముంది.

థాంక్స్‌గివింగ్‌కి టిక్కెట్లు బుక్ చెయ్యి. నేనూ, మీ బావగారూ, అనుష్క. గిఫ్ట్ కార్డు జేబులోంచి తీశావంటే అక్కడికక్కడే వెనక్కి తిరుగుతాను. చీర కావాలి. మూలన పసుపు కాస్త కనపడేలా పెట్టమను, కళ్ళజోడు పెట్టుకుని కిటికీ దగ్గర వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆ కుంకుమ పొట్లం ఇంకా ఆవిడ బ్యాగులోనే ఉందా? ఉంటే తియ్యొద్దని చెప్పు. నేనొచ్చాక నా నుదుట ఆవిడే పెట్టాలి. నేను ఆవిడకి పెడతాను.

శాలువా కప్పుకునే రాస్తున్నాను. బయట ఎండగా ఉంది. ఏసీ వేసుకున్నాను.

రాగిణి వదినని అడిగానని చెప్పు. పేరు గట్టిగా చెప్పడం ఇప్పట్నించే ప్రాక్టీస్ చెయ్యమను. నాకు ఈమధ్య చెవులు సరిగ్గా వినపడటం లేదు.

మీ ఇద్దరికీ ఆడపడుచు
ఛాయ